దూరపు చూపు

వీధిలో పోయేవాడు మన వాకిట్లోకి తొంగిచూస్తే మనకి తెలుస్తుంది. ఎదురింటి పిన్నిగారు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. పైట సర్దుకుంటాం, లేదా "ఏం పిన్నిగారూ, వంటయిందా?" అని పలకరిస్తాం. మరీ విసుగేస్తే తలుపు వేసుకుంటాం. వాళ్ళు మనల్ని చూస్తే మనమూ వాళ్ళని చూడగలం. ఈ ఒప్పందం ఎవరూ కాగితం మీద రాసుకోలేదు గానీ, లోకం దానిమీదే నడిచింది.

దాన్ని కాస్తా టెలిఫోటో లెన్సు చెరిపేసింది. మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సు కంటే 600 మిల్లీమీటర్ల లెన్సు 12 రెట్లు దగ్గరగా చూపిస్తుంది. అంటే, 120 మీటర్ల అవతల మేడమీద వడియాలు పెట్టుకుంటున్న ఇల్లాలు 10 మీటర్లలో ఉన్నట్టే. మొహం ఇట్టే ఆనవాలు పట్టొచ్చు. ఆవిడకి మాత్రం అవతల ఒక మనిషున్నాడనే తెలీదు.

కొల్లేట్లో కొంగల్ని తియ్యడానికి ఈ లెన్సు ఎంత మంచిదో! దగ్గరికెళితే ఎగిరిపోతాయి మరి. మనుషులూ అంతేనంటారు కొందరు. కెమెరా కనబడగానే మొహం బిగుసుకుపోతుందనీ, తెలియకుండా తీస్తేనే అసలు మనిషి దొరుకుతాడనీ. ఒప్పుకుంటాను. మన పెళ్ళి ఆల్బములే సాక్ష్యం!

న్యూయార్కులో ఆర్నే స్వెన్సన్ అనే ఫోటోగ్రాఫరు, పక్షుల్ని చూసే సరదా ఉన్న స్నేహితుడి నుంచి సంక్రమించిన లెన్సుతో, ఎదుటి అద్దాల మేడలో కాపురముండేవాళ్ళని వాళ్ళకి తెలియకుండా తీశాడు. 2013లో ఆ ఫోటోల్ని ప్రదర్శనకి పెట్టాడు. మా పిల్లల పోలికలు తెలిసిపోతున్నాయంటూ ఒక కుటుంబం కోర్టుకెక్కింది. 2015లో పైకోర్టు, ఇది కళ కాబట్టి చట్టం అడ్డురాదంది. అయినా ఇది కలవరపెట్టే సంగతేనని, చట్టాలు చేసేవాళ్ళు ఆలోచించాలని తీర్పులోనే రాసింది.

చట్టం ఆగిపోయిన చోటే నాకు అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆ వడియాల ఇల్లాలికి ఎప్పటికీ తెలియకపోతే నష్టమేమిటి? ఎవరూ చూడటం లేదనుకుని, కొంగు నడుముకి దోపి, కూనిరాగం తీసుకున్న ఆ పది నిమిషాలూ ఆవిడ సొంతం. అడక్కుండా పట్టుకుపోయారు. సొంతదారు చూసుకోనంత మాత్రాన దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా?

పైగా ఈ లెన్సు చూపించేదంతా నిజమూ కాదు. అంత దూరంనించి తీస్తే ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ మధ్య ఉన్న ఎడం కనబడదు. బస్టాపులో ఇరవై అడుగుల ఎడంగా నిలబడ్డ అమ్మాయీ అబ్బాయీ పక్కపక్కనే ఉన్నట్టుంటారు. ఆ ఫోటో ఇంటికొస్తే, పాపం, ఆ పిల్ల ఏమని చెప్పుకోవాలి?

నాకు తోచిన కొలత ఒకటుంది. తీసినాయన ఆ 120 మీటర్లూ నడిచొచ్చి, "అమ్మా, మీ ఫోటో తీశాను, చూడండి" అనగలడా? అంటే ఆవిడ నవ్వి ఒక కాపీ అడగొచ్చు, వద్దు తీసెయ్యి నాయనా అనొచ్చు. ఆ మాట ఆవిడే చెప్పాలి. అంతదూరం రావడానికి కాళ్ళాడకపోతే, ఆవిడ జవాబు ఆయనకి ముందే తెలుసన్నమాట.