పట్టేసిన రింగుతో పంతం వద్దు

చిన్నా, జెనిట్-ఇ కెమెరా, దానితోపాటు హీలియోస్ 44-2 లెన్సు కొన్నావని మీ నాన్న చెప్పాడు. మంచి లెన్సురా అది. జర్మనీలో యేనా ఊరి జైస్ వాళ్ల బయోటార్‌ని చూసి సోవియట్ వాళ్లు చేసిన 58 మి.మీ. లెన్సు. నంబరు 77తో మొదలవుతోందంటే 1977 నాటిదే అయ్యుంటుంది. ముందు బిగించిన ఫిల్టర్ ఊడి రావడం లేదనీ, నువ్వు కటింగ్ ప్లయర్ కోసం వెతుకుతున్నావనీ తెలిసి కంగారుగా రాస్తున్నాను. ప్లయర్ జోలికి పోకు నాన్నా.

ఆ రింగు పల్చటి అల్యూమినియం. రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కావంటే గుండ్రం పోయి కోడిగుడ్డులా సాగుతుంది. సాగిన వైపు మరలోకి ఇంకా దిగబడుతుంది. నువ్వెంత పిండితే అదంత బిగుస్తుంది. అందుకే బలం రింగు చుట్టూ సమంగా పడేలా చూసుకోవాలి. కొత్త హవాయి చెప్పు ఒకటి తుడిచి బల్ల మీద పెట్టు. ఫిల్టర్ అద్దం అంచుకన్నా లోతుగా ఉందో లేదో చూసుకుని, మడమ ఆనే చోట లెన్సును బోర్లించు. ఫోకస్ రింగును ముందే దాని చివరిదాకా తిప్పి ఉంచు. పైనుంచి అరచేత్తో సూటిగా అదిమి, గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో నిదానంగా తిప్పు. కుదపకు. చాలాసార్లు ఇంతతోనే వదిలేస్తుంది. వదలకపోతే రింగు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, అయిదు వేళ్లూ తేలిగ్గా ఆనించి తిప్పి చూడు. అంచు ఎక్కడైనా సొట్టపడి ఉంటే మాత్రం అక్కడితో ఆపెయ్. సొట్ట తీసే పనిముట్టు రిపేరు చేసేవాళ్ల దగ్గర ఉంటుంది.

నూనె స్ప్రే అసలే వద్దు. మర వెంట పాకి లోపలి ఎపర్చర్ రేకుల మీదికి చేరుతుంది. ఎండలో ఆగిన కారులో లెన్సును వదిలేసినా అంతే, లోపలి గ్రీజులోంచి నూనె విడిపోయి అదే దారి పడుతుంది.

ఎపర్చర్ రింగు కూడా కదలడం లేదన్నావట. అది పట్టేయలేదురా! ఈ లెన్సుకు రెండు రింగులు. ముందుది టిక్కు టిక్కుమంటూ హద్దు పెడుతుంది, వెనకది ఆ హద్దు దాకా రేకుల్ని మూస్తుంది. ముందుది 2 మీద ఉంటే వెనకదానికి కదిలే చోటే ఉండదు. ముందుదాన్ని 16కి తిప్పి చూడు.

ఫోకస్ బరువుగా తిరగడం వేరే సంగతి. పాత గ్రీజు గట్టిపడింది. లెన్సు విప్పకు. లోపలి జోడు మరలకు మొదలు ఒకటి కాదు, చాలా ఉంటాయి. ఏ మొదలు దగ్గర విడిపోయిందో గుర్తు పెట్టకుండా మళ్లీ ఎక్కిస్తే దూరపు కొండలు ఇక స్పష్టంగా రావు. చేయి తిరిగినవాళ్లకు డబ్బిచ్చి చేయించుకో, తప్పులేదు.

కొత్త ఫిల్టర్ 49 మి.మీ.ది కొను. ఎక్కించేటప్పుడు ముందు వెనక్కి తిప్పు. మర మొదలు మీద మొదలు పడినప్పుడు చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు ముందుకు తిప్పు. అంచు ఆనగానే వదిలెయ్, బిగించకు. ఒక చుట్టు తిరిగి మొరాయిస్తే ఇంక తొయ్యకు. కొన్ని పాత లెన్సుల మర చుట్ల మధ్య దూరం 0.5 మి.మీ., ఇప్పటి 49 ఫిల్టర్లది 0.75. ఆ రెండూ కలవవు.

నలుపు తెలుపు ఫిల్మే వేస్తానంటున్నావు కాబట్టి పసుపు ఫిల్టర్ తీసుకో. నీలి ఆకాశం కాస్త ముదురుగా పడి మబ్బులు విడిగా తేలతాయి. అది దాదాపు ఒక స్టాప్, అంటే సగం వెలుతురు తినేస్తుంది. నీ జెనిట్ మీటరు కెమెరా నుదుటి మీద ఉంది, లెన్సులోంచి చూడదు. కాబట్టి ఆ స్టాప్ నువ్వే కలుపుకోవాలి.