వ్యక్తి అంటే ఎవరు?

వ్యక్తి అనే మాటలో స్త్రీ ఉన్నదా, లేదా? ఇది వ్యాకరణ చర్చ కాదు. రెజీనా గుహ న్యాయవాదిగా నమోదు కాగోరినప్పుడు, 1916లో కలకత్తా హైకోర్టు చట్టంలోని ‘వ్యక్తి’ స్త్రీ కాదన్నది. 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రాకు అదే జవాబు చెప్పింది. ఆ ఏడే అలహాబాదు హైకోర్టు కొర్నీలియా సొరాబ్జీని నమోదు చేసుకున్నది. చట్టం ఒకటే, చదివిన కళ్ళు వేరు. 1923 చట్టంతో గాని ఆ నిషేధం తొలగలేదు.

1909 నాటి ‘కన్యాశుల్కం’లో మధురవాణి వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మగవేషంలో వెళుతుంది. కేసు చిక్కు విప్పే నిజం ఆమెకు తెలుసు. ఆ నిజం గుమ్మం దాటడానికి మగవేషం కావలసివచ్చింది.

“అదంతా గతం, 1978లోనే జస్టిస్ అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు కదా!” అంటారు మిత్రులు. నిజమే. కాని హక్కు అంటే నిషేధం లేకపోవడమేనా?

మా సంతబొమ్మాళిలో నా పూర్వ విద్యార్థిని ఒకామె న్యాయశాస్త్రం చదివి, దగ్గరి పట్టణంలో ఒక సీనియరు వద్ద చేరింది. రెండేళ్ళు జీతం లేదు. ఆస్తిపరుడి కొడుక్కి ఆ రెండేళ్ళూ పెట్టుబడి. కూలివాళ్ళ బిడ్డకు అప్పు. సాయంత్రం కక్షిదారులు వచ్చే వేళకు ఆమె ఆఖరి బస్సు అందుకోవాలి. వచ్చినవాళ్ళూ “వకీలుగారు లేరామ్మా?” అని ఆమెనే అడిగేవారు. మూడో ఏట మానేసింది. చేతకాలేదన్నది ఊరు. చేతకానిది ఆమెకా, ఆమెకు హక్కిచ్చి బతుకుతెరువు చూపని వ్యవస్థకా?

గ్రామీణ ప్రాంతాల జూనియర్లకు నెలకు కనీసం 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫారసు చేసింది. సిఫారసు ఆజ్ఞ కాదు.

ఇది ఆమె ఒక్కతె ఉద్యోగ సమస్య అనుకుంటే పొరపాటు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో 1985లో మన రాష్ట్రం పెళ్ళికాని కూతుళ్ళకూ, 2005లో కేంద్రం కూతుళ్ళందరికీ సమాన వాటా ఇచ్చాయి. అన్నదమ్ముల మీద దావా వెయ్యవలసిన ఆడపడుచు తన గోడు ఎవరితో చెప్పుకుంటుంది? స్త్రీ అయినంతమాత్రాన ప్రతి వకీలూ పేద స్త్రీ పక్షం వహిస్తుందని నేననను. వర్గప్రయోజనం నల్లకోటు కింద కూడా ఉంటుంది. అందుకే కూలి ఇళ్ళ ఆడపిల్లలు ఆ కోటు తొడగాలి, తొడిగి నిలబడగలగాలి.

నిషేధం తొలగించడానికి ఒక చట్టం చాలింది. నిలబడడానికి జీతం కావాలి. ఆ జీతాన్ని దయగా కాక హక్కుగా అడగడం మన పని.