ఐదో తీగ

గిటార్లు వాయించేవాళ్ళలో ఒక పాత జోక్ ఉంది. మనిషికి ఎన్ని గిటార్లు కావాలి? ఎన్ ప్లస్ 1. ఎన్ అంటే ఇప్పుడు ఇంట్లో ఉన్నవి. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకిది ఆగే షరతు లేని లూప్‌లా కనిపిస్తుంది. ఎక్కడ ఆగాలో మనం రాయకపోతే అది తనంతట తాను ఆగదు.

నా దగ్గర నాలుగు తీగల బేస్ గిటార్ ఉంది. కొన్ని నెలలుగా ఐదు తీగలది కొనాలని ఉంది. డబ్బు సమస్య కాదు. ఈ కోరికని నమ్మొచ్చా లేదా అన్నదే తేలడం లేదు.

ముందు లెక్క చూద్దాం. మామూలు బేస్‌లో అన్నిటికన్నా మందమైన తీగ ‘ఈ’, దాదాపు 41 హెర్ట్జ్. ఐదు తీగల బేస్‌లో దానికంటే కింద ఇంకో ‘బి’ ఉంటుంది, దాదాపు 31 హెర్ట్జ్. అంటే కిందివైపు కొత్తగా దొరికేవి ఐదంటే ఐదు స్వరాలు. ఫోన్ స్పీకర్లో వింటే వాటి అసలు లోతు వినపడనే వినపడదు. ఈ ఐదు స్వరాల కోసం ఇంకో వాద్యమా?

ఇలా అడగగానే ఎవరో ఒకరు జేమ్స్ జేమర్సన్ పేరెత్తుతారు. 1960లలో మోటౌన్ పాటలకి బేస్ వాయించినవాడు. నాలుగు తీగల ఫెండర్ ప్రెసిషన్ మీద, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో మీటి, ఆ పాటల నడకనే మార్చేశాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని చెప్పుకుంటారు. కాబట్టి వాద్యంలో ఏమీ లేదు, అంతా వేళ్ళలోనే ఉంది అని ముగిస్తారు.

నాకీ మాట పూర్తిగా రుచించదు. ఇది ఎక్కువగా మంచి వాద్యం చేతిలో ఉన్నవాళ్ళు చెప్పే మాట. జేమర్సన్ చేతిలో ఉన్నది కూడా నిక్కమైన వాద్యమే. కొత్తగా నేర్చుకునే కుర్రాడు చౌక గిటార్ కొంటే తీగలు మెడకి బాగా ఎత్తులో ఉంటాయి, నొక్కితే వేళ్ళు మంటపుడతాయి, పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి నిలవదు. రెండు నెలలకి వాడు తనకి సంగీతం రాదనుకుని మానేస్తాడు. వాడికి జేమర్సన్ కథ చెప్పడం న్యాయం కాదు. లేనివాడి అవసరాన్ని ఉన్నవాడి వైరాగ్యంతో కొలవకూడదు.

పైగా ఈ వైరాగ్యం కూడా ఒక్కోసారి పోజే. ‘నాకు ఒక్కటి చాలు’ అని చెప్పుకోవడంలోనూ గోడకి పది గిటార్లు తగిలించుకున్నంత గర్వం ఉండొచ్చు. కాబట్టి కొనకపోవడం దానంతటదే మంచితనం అయిపోదు.

మరి దేన్ని బట్టి తేల్చుకోవాలి? పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని చూడండి. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. ఆయన ఆ జతలు తీసేసి, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. జంట తీగల్ని పక్కకి లాగి గమకం పలికించడం కష్టం. ఒంటి తీగ లొంగుతుంది. అక్కడ కర్ణాటక సంగీతం ముందు నడిచింది, వాద్యం దాని వెనక వచ్చింది.

అసలు ప్రెసిషన్ బేస్ పుట్టుక కూడా ఇలాంటిదే. 1951లో లియో ఫెండర్ దాన్ని తెచ్చేదాకా బ్యాండ్లలో బేస్ అంటే చాలావరకు మనిషంత ఎత్తు డబుల్ బేస్. మోసుకెళ్ళడం నరకం, పక్కన డ్రమ్స్ మోగితే వినపడదు. ఫ్రెట్లు ఉండవు కాబట్టి స్వరస్థానం చెవితో వెతుక్కోవాలి. ఫ్రెట్లు పెడితే స్వరం కచ్చితంగా పలుకుతుందనే ఆ పేరు. ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, ఆయనకి గిటార్ వాయించడం రాదు. వేరేవాళ్ళ ఇబ్బంది విని చేశాడు.

ఈ రెండిటి నుంచి నాకు తోచింది ఏంటంటే, లోటు పాటలో ఉంటే పక్కవాడికి కూడా వినపడుతుంది. లోటు నాలోనే ఉంటే నాకొక్కడికే వినపడుతుంది. నాలోని లోటు తప్పని కాదు. అందమైన వస్తువుని ఊరికే ఇష్టపడొచ్చు. చదవని పుస్తకాలు మన అల్మారాల్లో లేవా? కానీ దానికి సంగీతం పేరు పెట్టకూడదు. పెడితే, కొత్త వాద్యం గురించి చదవడం కూడా సాధనే అనిపించడం మొదలవుతుంది. పోయే డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు, సాయంత్రాలే తిరిగిరావు.

ఇప్పుడు నా సంగతి. శనివారాలు నలుగురం కలిసి వాయిస్తాం. మా గాయని గొంతుకి కొన్ని పాటలు ‘ఈ’ నుంచి ‘డి’కి దించాల్సి వచ్చింది. దానికి కొత్త గిటార్ అక్కర్లేదు, నాలుగో తీగని కాస్త వదులు చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. రెండు పాటలు మాత్రం ‘సి’లోకి వచ్చాయి. అంత వదులు చేస్తే తీగ వేలాడి ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. అందుకని ఆ పాటల్లో ఆధార స్వరాన్ని పైస్థాయిలో వాయిస్తూ వచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఆ మాట వాళ్ళ చెవిలో నేనే పెట్టినట్టవుతుంది.

నాలుగో శనివారం, రెండో పాట అయ్యాక డ్రమ్స్ వాయించే మిత్రుడు కర్రలు పక్కన పెట్టి అన్నాడు: “బానే ఉంది గానీ మామా, కింద ఏదో ఖాళీగా ఉంది.”

అందుకే కొంటున్నాను. సెకండ్ హ్యాండ్‌ది, మెడ నిటారుగా ఉన్నది చూసుకుని. ఆరు తీగల బేస్‌లు కూడా దొరుకుతాయి. ఆ ఆరో తీగ సాధారణంగా పైస్థాయి కోసం. మా పాటల్లో పైన ఏదో తగ్గిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.