ఉప్పు తిన్న ఇల్లు

ఒకరి ఉప్పు తిన్నవాడు వారిని విడిచిపోరాదని పెద్దలందురు. తెలుగు ఇండ్లలో ఈ మాట ఎంత లోతుగా నాటుకొన్నదనగా, బ్రతుకుతెరువునకై వందల మైళ్ళు వలసపోయినవారు సైతము దానిని మూటలో కట్టుకొనియే పోయిరి. నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బిలాస్‌పూరు అట్టివారు చేరిన ఊళ్ళలో ఒకటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ నాగపూరునుండి తూర్పునకు వేసిన దారిపై ఈ ఊరు కూడలి అయినది; కట్నీ వైపు పోవు దారి ఇచ్చటనే చీలును. ఆ కంపెనీ రైళ్ళే వాల్తేరు వరకును నడచుచుండుటచే, ఉత్తరాంధ్రమునుండి ఎందరో దాని కొలువులో చేరి, పని ఎక్కడ ఇచ్చిన అక్కడ కాపురములు పెట్టుకొనిరి.

ఆ తరమువారి ఉద్యోగమునందు ఒక చిత్రము కలదు. యౌవనమున 1940లో పాయింట్స్‌మనుగా చేరినవాడొకడు అదే యార్డులో తల నెరసి విశ్రాంతి తీసికొనెననుకొందము. అతడు ఒక్కనాడును పని మారలేదు. కాని 1944లో కంపెనీ తొలగి ప్రభుత్వము యజమాని అయినది. 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసినది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయినది. అతని చేతిలోని జెండా మారలేదు గాని జీతపు చీటీపై పేరు మారుచునే వచ్చినది. విడిచిపోయిన యజమానిని కృతఘ్నుడని ఎవ్వరైనను అనిరా? యజమాని మారవచ్చును, పనివాడు మారరాదు అను నియమము లోకములో ఎక్కడను వ్రాయబడకయే అమలు జరుగుచున్నది.

అట్టివాని మనుమడొకడు నేడు బిలాస్‌పూరులోని కుదుదండ్ పేటలో కాపురముండి, సరకుల లారీ తోలుచున్నాడని తలచుకొనవచ్చును. పేరుతో పనిలేదు, ఆ వృత్తిలో అతనివంటివారు ప్రతి ఊరను కలరు. తెల్లవారకముందే గిడ్డంగికడ బియ్యపు బస్తాలు, నూనె డబ్బాలు, సబ్బుపెట్టెలు ఎక్కించుకొని, తఖత్‌పూరులోను ముంగేలీలోను అంగడి అంగడికిని దింపి, రసీదులపై సంతకములు చేయించుకొని, వసూలైన డబ్బు లెక్క ఒప్పగించి ఇల్లు చేరుట అతని పని. టోకు వర్తకుడైన యజమాని చెడ్డవాడు కాడు. క్లీనరుగా చేరిన కుర్రవానికి లారీ తోలుట నేర్పించి లైసెన్సు ఇప్పించినది ఆయనయే. ఆ కుర్రవాడు సంసారియైన పిదప, భార్యకు కాన్పు కష్టమైన రాత్రి ఆసుపత్రి ఖర్చు పెట్టుకొన్నదియు ఆయనయే. తరువాత వ్యాపారము పెరిగినది. లారీ మాత్రము ఒక్కటే, డ్రైవరును ఒక్కడే. పగలంతయు ముంగేలీ పోయివచ్చినవానిని రాత్రికి మరల కోర్బా పొమ్మనుచున్నారు. మోయదగినదానికి మించి బరువు ఎక్కించుచున్నారు. ఇంతలో మరియొక సంస్థవారు పిలిచిరి. అచ్చట జీతము కొంచెము హెచ్చు. ఒక్కొక్క లారీకి ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా. వారమునకు ఒకదినము సెలవు. భార్య పొమ్మనును. తల్లి మాత్రము, “ఆ శేఠు లేకున్న ఆ రాత్రి నీ ఇల్లాలు బ్రతికెడిదా నాయనా?” అని అడుగును. అతడు మారుమాట పలుకలేడు.

ఇట్టి సందర్భమున గీతను ఎత్తి చెప్పువారికి కొదువ లేదు. ఎవని ధర్మమును వాడు విడువరాదని భగవానుడే సెలవిచ్చెను గనుక ఉన్నచోటనే పడియుండుమందురు. ధర్మమును కొలువుతో కలిపివేయుట ఇందలి పొరపాటు. ఒప్పగింపబడిన సరకును చెడకుండ చేర్చుట, దారిలో ఎవరికిని హాని కలుగనీయకుండుట, ఈ రెండును డ్రైవరు ధర్మము. ఇవి అతని వెంట ఏ లారీలోనికైనను పోవును. ఋతుపర్ణుని కొలువున బాహుకుడై చేరిన నలుడు నిషధరాజ్యమును పోగొట్టుకొనెను గాని అశ్వవిద్యను పోగొట్టుకొనలేదు. పదివేల వేతనమునకు కుదిరిన సారథియై యుండియు, ఒక్క పగటిలో అయోధ్యనుండి విదర్భకు రథమును చేర్చునపుడు తన రాజ్యకాలమునాటి నేర్పులో ఒక్క పాలైనను దాచుకొనలేదు. వృత్తి నలునిది, రథము ఋతుపర్ణునిది.

అయినను గీత చెప్పబడిన చోటును వేళను ఊరక దాటిపోరాదు. విడిచిపోదునన్నవానితో నిలువుమని చెప్పిన గ్రంథమది, చెప్పినవాడు సారథి. రెండు సేనల నడుమ అర్జునుడు విల్లు జారవిడిచెను. అప్పటికి అతనిని నమ్మి ఏడక్షౌహిణుల సేన వచ్చి నిలిచియున్నది. ఆ క్షణమున అతడు మరలిన, భారమంతయు నమ్మినవారి తలపై పడెడిది. సగము దారిలో లారీని నిలిపి తాళపుచెవులు విసరి పోవు డ్రైవరునకు ఈ ఉపదేశము నేరుగా తగులును. వానలో తడిసిన బియ్యమునకు యజమాని మాత్రమే కాదు, ఆ పూట అంగడికి వచ్చి వట్టిచేతులతో మరలిన కూలివాడును నష్టపడును.

కాని ఆ ఉదయము అంతటితో ముగియలేదు. ఉపదేశము వినిపించిన పిదప, భీష్మపర్వముననే, ధర్మరాజు ఆయుధములు విడిచి కాలినడకన శత్రుసేనలోనికి పోయెను. భీష్మునకు, ద్రోణునకు, కృపునకు, శల్యునకు మ్రొక్కి యుద్ధమునకు అనుమతి వేడెను. నలువురును ఒకే మాట చెప్పిరి: మనుష్యుడు ధనమునకు దాసుడు, కౌరవుల ధనము తమ్ము కట్టివేసినది. అంతటి పెద్దల నోట ఇంత దీనమైన మాట వినుట బాధాకరము. న్యాయము ఎటనున్నదో ఎరిగియు, తిన్న ఉప్పును తలచుకొని వారు నిలిచిపోయిరి. అంతట ధర్మరాజు ఇరుసేనల నడుమ నిలిచి, తమ పక్షమునకు రాదలచినవాడెవడైన కలడా యని బిగ్గరగా అడిగెను. ధృతరాష్ట్రునికి వైశ్యస్త్రీయందు జన్మించిన యుయుత్సుడు ముందుకు వచ్చెను. అందరును చూచుచుండగా తన వారిని విడిచి ఈవలికి దాటెను. ఇంకను ఒక్క బాణమైనను విడువబడలేదు.

ఒకే క్షేత్రము, ఒకే ఉదయము. పోదునన్నవానిని నిలిపిన ధర్మమే, నిలిచియున్నవాడు దాటిరాగా కౌగిలించుకొనినది. యుయుత్సుడు చీకటిలో పోలేదు. యుద్ధము నడుమ పోలేదు. ఆవలి రహస్యములను అమ్ముకొనుటకును పోలేదు. ఆ పోకను తరువాతివారెట్లు ఎంచిరో తెలియుటకు ఒక్క సంగతి చాలును: మహాప్రస్థానమునకు బయలుదేరునాడు ధర్మరాజు, బాలుడైన పరీక్షిత్తు రాజ్యభారమును చూచుకొనుటకు ఆ యుయుత్సునికే అప్పగించెను.

శల్యుని కథ ఇందుకు ఎదురు. అతడు పాండవులకు తోడ్పడుటకే బయలుదేరెను. దారి పొడవునను విడుదులు, విందులు అమర్చియుండగా, ధర్మరాజే చేయించెనని సంతోషించి, ఏర్పాటు చేసినవానికి వరమిత్తునని పలికెను. ఎదుటకు వచ్చినవాడు దుర్యోధనుడు. దారిలో తిన్న భోజనము మద్రరాజు పక్షమును మార్చివేసినది. ఆ పిమ్మట కర్ణునికి సారథియై పగ్గములు పట్టెను. గుఱ్ఱములను నేర్పుతోనే తోలెను. నోటితో మాత్రము రథికుని గుండె దిగజార్చుచు పోయెను. విడిచిపోని సేవకుడే గాని, అట్టి సేవకుని ఏ యజమాని కోరును? పోవుటకు ధైర్యము చాలక, ఉండుటకు మనసు రాక, కూడలి కూడలి టీ దుకాణముకడను యజమానిని తిట్టుచు, బ్రేకులు అరుగుచున్నవని తెలిసియు చెప్పక ఊరకుండు డ్రైవర్లు లేకపోలేదు. లోకము వారిని నమ్మకస్థులనియే ఎంచును, ఏండ్ల లెక్క చూచి.

అయితే ఆ తల్లి అడిగిన ప్రశ్న శల్యునితో తీరదు. అది కర్ణుని ప్రశ్న. సూతుని ఇంట పెరిగినవానికి ఎవ్వరును చోటీయని సభలో దుర్యోధనుడొక్కడు చోటిచ్చెను. శ్రీకృష్ణుడు రాజ్యమును చూపి పిలిచినను కర్ణుడు రాలేదు. ఆ నిరాకరణము చదువునపుడు ఎంత కఠినుని కన్నైనను చెమర్చును. ఏలయన అచ్చట అతడు కృతజ్ఞతకై విడిచినది తన సొత్తు. తనకు రాదగిన కిరీటమును, తన ప్రాణమును అతడు ఇచ్చుకొనెను. ఇచ్చుకొనుటకు అతనికి అధికారము కలదు. కాని ఆ కృతజ్ఞతయే ఒంటరియైన అభిమన్యుని చుట్టుముట్టిన రథికులలో అతనిని నిలిపినది. అచ్చట వ్యయమైనది అతని సొత్తు కాదు. అభిమన్యుడు దుర్యోధనుని ఉప్పు తినియుండలేదు.

ఇచ్చట ప్రశ్న యొక్క ముడి కనబడును. కుదుదండ్ డ్రైవరు యజమానికి తన నిద్రను ఇచ్చుచున్నాననుకొనును. పగలంతయు తోలి, రాత్రి మరల కోర్బా దారి పట్టినవాడు నిజముగా ఇచ్చుచున్నది అది మాత్రమే కాదు. రతన్‌పూరు దాటిన పిదప, బొగ్గు లారీల వరుసలో, వెనుక దీపము లేని సైకిలుపై ఇంటికి పోవు కూలివాడొకడుండును. వాడు ఏ శేఠు ఉప్పును తినలేదు. ఎన్నడో జరిగిన ఒక కాన్పు ఖర్చు బాకీకి వాని ప్రాణమును జమకట్టుటకు ఎవరికి హక్కు కలదు? తల్లి మాటకు డ్రైవరు చెప్పవలసిన జవాబు ఇదియే గాని, తల్లికి ఎదురాడలేని కొడుకు దీనిని మాటలలో పెట్టలేక తలవంచుకొనును.

చట్టము ఈ విషయమున ధర్మశాస్త్రమంత మౌనముగా లేదు. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అను పరిమితిని పెట్టినది. అది ఐదుగురు పనివారైనను ఉన్న సంస్థలకే యని చిన్న యజమానులు అనుకొనిరి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఆ గంటల పరిమితినే రవాణా బండి నడుపు ప్రతివానికిని వర్తింపజేసినది. మితిమీరిన బరువునకు 2019 నాటి సవరణ 20,000 రూపాయల జరిమానాను, అదనపు బరువుపై టన్నుకు 2,000 రూపాయలను విధించినది. నడిపించినవానిని మాత్రమే కాక నడిపినవానిని కూడ ఆ సెక్షను పట్టుకొనును. యజమాని చెప్పెను, నేను తోలితిని అను సమాధానము అక్కడ చెల్లదు. భీష్మద్రోణులు చెప్పినదియు ఇంచుమించు ఆ సమాధానమే.

ఇంతచేసి, మేలు పొందినవానికి ఏ ప్రత్యేక కర్తవ్యమును లేదా? ఉన్నది. అతడు ఊరక పోరాదు, ముందు చెప్పవలెను. కొత్తగా కుదిరినవాడు చెప్పకుండ మానివేసిన క్షమింపవచ్చును గాని, ఇంటివానివలె మెలగినవాడు గిడ్డంగిలో శేఠు ఒంటరిగా కూర్చున్న వేళ చూచి, “రాత్రి బండి నావలన కాదు, కన్నులు మూతపడుచున్నవి, ఇంకొక డ్రైవరును పెట్టుడు” అని చెప్పవలెను. ఇది చెప్పుట లారీ తోలుటకన్న కష్టము. మేలు చేసినవాని తప్పును వాని ముఖముననే చెప్పుటకన్న విడిచిపోవుట సులభమని తోచును. నోరుమూసికొని ఉండుట ఇంకను సులభము. ఆ మాట విని యజమాని రెండవ డ్రైవరును పెట్టిన, అతడు అక్కడనే ఉండిపోవచ్చును, కొంత జీతము తక్కువయైనను. వినకున్న, విడుదల ఇచ్చినది యజమానియే.

పేషగీ తీసికొన్న సొమ్ము వేరు లెక్క. దానిని పైసలతో సహా తీర్చవలెను. కాని పేషగీ చూపి లైసెన్సు కాగితమును బీరువాలో పెట్టుకొను యజమాని ఎంతటి దయాళువైనను అన్యాయము చేయుచున్నాడు. అప్పు పేర మనిషిని కట్టివేయు పద్ధతిని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము రద్దుచేసినది.

హెచ్చు జీతము కొరకే మారువాని మాటయేమి? బిడ్డల చదువునకై నాలుగు రూపాయలు అదనముగా కోరుట లోభము కాదు. (కోరికలను తగ్గించుకొమ్మని పనివానికి బోధించువారు తరచుగా జీతములు ఇచ్చువారే యగుట గమనింపదగినది.) ఆరు నెలలకొక లారీ మార్చుచు, ప్రతిచోటను యజమానియే చెడ్డవాడని చెప్పువాడు మాత్రము, తన పక్క సీటులో కూర్చుండి ప్రయాణము చేయుచున్న అసంతృప్తిని ఒకమారు తేరిపార చూడవలెను. అది కొత్త బండిలోనికి అతనికన్న ముందే ఎక్కి కూర్చుండును.

శేఠు వినలేదనుకొందము. డ్రైవరు నెల గడువిచ్చును. ఆ నెలయంతయు పగటి బండి యథాప్రకారము తోలును. రాత్రి బండికి మాత్రము ససేమిరా యనును. కడపటి దినమున తఖత్‌పూరు సరకు చివరి బస్తా వరకు దింపి, సంతకములు చేయించుకొని వచ్చి, వసూలు లెక్కయు తాళపుచెవులును బల్లపై పెట్టును. మిగిలిన పేషగీని నెలకింతయని కొత్త జీతములోనుండి తెచ్చియిత్తునని చెప్పును. శేఠు ముఖము ఎత్తి చూడడు. మరునాడు పనిలేకున్నను అతడు వచ్చి కొత్త డ్రైవరు ప్రక్కన కూర్చుండి ఒకమారు దారియంతయు చూపును: బ్రేకు తొక్కిన బండి ఎడమకు లాగును, ముంగేలీలో ఆ చివరి అంగడి సందులోనికి వెనుకకే పోవలెను, ఈ మలుపున మధ్యాహ్నము బడి విడుతురు, పిల్లలు చూడకుండ పరుగెత్తుదురు, అక్కడ హారను నమ్మక కాలు బ్రేకుపైననే ఉంచుము. సాయంకాలము తల్లిని వెంటబెట్టుకొని శేఠు ఇంటికి పోవును. ఆమె లోపలికి పోయి శేఠాణీతో కూర్చుండును. అతడు చెప్పులు విడిచి గుమ్మముకడ నిలుచును, లోపలికి రమ్మని పిలుతురో లేదో తెలియక.