ఆడపక్షి ఎంపికలో మనకేం పని?



పాలమూరు నుండి తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా నందికొట్కూరు వైపు వెళితే రోళ్లపాడు వస్తుంది. బట్టమేకపిట్ట కోసం 1988లో అక్కడి గడ్డిభూములను అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు ఆ పక్షి అక్కడ కంటబడటమే గగనం. మగపక్షి గొంతు కింది సంచిని ఉబ్బించి, దూరానికి వినబడేలా మూలుగుతుంది. ఆడపక్షి వచ్చి, చూసి, నచ్చినదాన్ని ఎంచుకుంటుంది. ఆ పైన గుడ్డు పొదగడం, పిల్లను సాకడం అంతా తల్లి పనే.

న్యూజిలాండులోని కాకాపో అనే చిలుకదీ ఇదే పద్ధతి. బట్టమేకపిట్ట బరువుగానైనా ఎగురుతుంది. ఇది బొత్తిగా ఎగరలేదు. మనుషులు తెచ్చిన పిల్లులు, ఎలుకలు తినగా 1995 నాటికి 51 మిగిలాయి. ఒక్కటి తప్ప అన్నీ ఒకే దీవి సంతతి. ఆ ఒక్కటి 1975లో వేరేచోట దొరికిన మగపక్షి. దానికి రిచర్డ్ హెన్రీ అని పేరు పెట్టారు (నవ్వకండి, అక్కడ ప్రతి పక్షికీ పేరుంటుంది). 1998లో దానికి మూడు పిల్లలు కలిగాయి.

చిక్కు ఎక్కడంటే, ఆడపక్షులు మెచ్చే మగపక్షులు కొన్నే. తరాలు గడిచేకొద్దీ అన్నీ దగ్గరి రక్తమే అవుతాయి. గుడ్లు చాలా మురిగిపోతాయి. అందుకే సంరక్షకులు వేరే మగపక్షుల వీర్యాన్ని కృత్రిమంగా ఎక్కిస్తున్నారు. రాజస్థాన్‌లో 2024లో బట్టమేకపిట్టకూ ఇలాగే ఒక పిల్ల పుట్టింది.

సృష్టికర్త ఇచ్చిన స్వభావంలో చేయి పెట్టడం తగునా? సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లోనైతే తగదని తేల్చేసేవాణ్ణి. ఇప్పుడు అలా అనలేను. పక్షులు వేలల్లో ఉన్నప్పుడు ఆ ఎంపికలో దోషం లేదు. వాటిని యాభైకి దించింది మనుషులే. బావి పూడ్చినవాడు నీళ్ల సంగతి నాకెందుకు అనలేడు కదా! అయినా మనకు అన్నీ తెలుసని కాదు. హానికరమైన జన్యుమార్పులు దీవి పక్షులకన్నా రిచర్డ్ హెన్రీలోనే ఎక్కువని 2021లో ఒక పరిశోధన చెప్పింది.

ఇది రాస్తుంటే మన విచారణల్లోని మేనరికాలు గుర్తుకొచ్చాయి. శ్రీసభ చట్టం ప్రకారం మేనరికానికి ప్రత్యేక అనుమతి కావాలి. పెండ్లి దూరపువారిని దగ్గర చేసి ప్రేమను విస్తరింపజేయాలని పునీత అగస్టీను వారు ఏనాడో వాదించారు. పక్షులకు వేరే సంబంధం దొరకదు. మనకు దొరుకుతుంది, కానీ పొలం బయటికి పోకూడదు! అటువంటి దరఖాస్తులు నేనూ రాసి పంపాను. "నీకిష్టమేనా అమ్మా?" అని పెండ్లిపిల్లను అడిగాను కూడా. అప్పుడు మేనమామ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల తలూపింది. నేను సంతకం చేశాను.

ఆడపక్షి ఇష్టాన్ని కాదనవచ్చునా అని ఇంతసేపు తర్కించిన నేను, ఆ రోజు ఆయనను కాసేపు బయటికి వెళ్లమని అనలేకపోయాను.