కవరు తిప్పి చూడు తల్లీ

అమ్మలూ,

కలకత్తాలో చదువుతో పాటు పాత రికార్డుల పిచ్చి కూడా పట్టుకుందని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో ఊరికే వచ్చే పాటకి డబ్బులెందుకు తగలేయడం అని గొణిగింది కూడా. పట్టించుకోకు. మన దేశంలో రికార్డుకి పుట్టిల్లు నువ్వున్న ఊరే. 1902లో గ్రామఫోన్ కంపెనీ మనుషులు అక్కడికొచ్చి గౌహర్‌జాన్ చేత పాడించుకున్నారు. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ ప్లేటు ఎవరిదో అక్కడివాళ్లకి తెలియాలని ఆవిడ పాట చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. తర్వాత ఫ్యాక్టరీ కలకత్తాకే వచ్చింది, ముందు సియాల్దాకి, ఆపైన దమ్‌దమ్‌కి. మన ఇళ్లలో మోగిన కుక్కబొమ్మ ప్లేట్లు చాలావరకు దమ్‌దమ్‌లో తయారైనవే.

కాబట్టి ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లోని పాత రికార్డుల కొట్లకి వెళ్లు. ఇప్పుడు మీర్జా గాలిబ్ వీధి అంటున్నారు, న్యూమార్కెట్ దగ్గరే. వెళ్లేముందు పెదనాన్న మాట నాలుగు ముక్కలు విను.

జాబితా రాసుకుని వెళ్లకు. తెలుగు ప్లేట్లు అక్కడ దొరకడం అరుదు, దొరికితే నీ అదృష్టం. కొట్టాయన్ని ‘దాదా’ అని పిలిచి, నీకు ఎలాంటి సంగీతం ఇష్టమో చెప్పు. ఏది తీసి చేతిలో పెడతాడో చూడు. రద్దీ లేని పూట వెళ్తే నింపాదిగా మాట్లాడతాడు.

అడగకుండా కవరులోంచి ప్లేటు తీయకు. తీశాక అంచులు మాత్రమే అరచేతులకి తగిలేలా పట్టుకో, గీతల మీద వేలు పడకూడదు. వెలుతురులో ఏటవాలుగా తిప్పు. పైపైన సన్నటి గీరలుంటే పెద్ద నష్టం లేదు. ముల్లు దారికి అడ్డంగా లోతైన గాటు ఉంటే మాత్రం ప్రతి చుట్టుకీ ‘టిక్’మంటుంది. కంటి ఎత్తులో పట్టుకుని చూస్తే వంకర ఉందో లేదో తెలిసిపోతుంది. నడిమి చిల్లు చుట్టూ లేబులు బాగా గీరుకుపోయి ఉంటే ఆ ప్లేటు చాలాసార్లు మోగిందన్నమాట. కవరు మీదున్న ప్లేటే లోపల ఉందో లేదో కూడా చూసుకో, అవి మారిపోవడం పాత కొట్లలో మామూలే. కలకత్తా తేమకి బూజు చుక్కలు కనిపిస్తే భయపడకు, కడిగితే చాలావరకు పోతాయి.

78 స్పీడు ప్లేట్లలో చాలావరకు లక్కతో చేసినవే. జారితే ముక్కలే. స్పిరిట్‌తో తుడిచావో, లక్క కరిగి పాట పాడైపోతుంది. వాటి గీత వెడల్పు, ఎల్‌పీ ముల్లు పనికిరాదు. వాటికి సరిపడే ముల్లుంటేనే కొను. క్యాసెట్టయితే టేపుని వెనకనుంచి నొక్కిపెట్టే చిన్న మెత్తటి ముక్క ఊడిపోలేదు కదా అని చూడు. సీడీని దీపానికెత్తి చూసి, వెండిపూత చిల్లులు పడి ఉంటే వదిలేయ్.

ఇదంతా సరుకు సంగతి. అసలు సంగతి కవరు వెనక ఉంటుంది. ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ అని 1967 నాటి ఎల్‌పీ ఒకటుంది, కనబడితే వదలకు. కాశ్మీరంలో ఒక గొర్రెల కాపరి రోజుని రాగాల్లో చెప్పారు. అహీర్ భైరవ్‌తో తెల్లవారి పహాడీతో ముగుస్తుంది. ఫోన్లో కలగాపులగంగా వింటే ఆ రోజు రోజులా ఉండదు. సంతూర్ శివకుమార్ శర్మదనీ, వేణువు హరిప్రసాద్ చౌరాసియాదనీ అందరికీ తెలుసు. గిటార్ బ్రిజ్‌భూషణ్ కాబ్రాదని కొందరికే తెలుసు. తబలా మాణిక్‌రావు పోపట్కర్‌దని ఎందరికి తెలుసు? మన దగ్గరా అంతే. ఎమ్మెస్ పాడిన అన్నమయ్య కీర్తనలు ఇంటింటా మోగాయి. వాటిలో కొన్నిటికి వరస కట్టిన నేదునూరి కృష్ణమూర్తిని తలుచుకున్నవాళ్లెందరు? గౌహర్‌జాన్ తన పేరు తానే చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాతివాళ్ల పేర్లు కవరు మీదికెక్కాయి, చదివేవాళ్లే తగ్గిపోయారు. ఆ చిన్నక్షరాలు చదివే అలవాటు చేసుకున్నావంటే ఒక ప్లేటు నుంచి ఇంకో పది ప్లేట్లకి దారి దొరుకుతుంది. నచ్చిన తబలా ఇంకెవరి పక్కన మోగిందో దాదాని అడుగు, ఆయనకి అలాంటి ప్రశ్నలంటేనే ఇష్టం.

బేరం ఒక్కసారి ఆడు, తెగకపోతే వదిలేయ్. ఫోన్ తీసి ఆన్‌లైన్ ధర మొహం మీద పెట్టకు. తూకానికి పోబోయే ప్లేట్లని ఏరి తెచ్చి, వానలకి తడవకుండా కాపాడి, నువ్వొచ్చేదాకా ఉంచిన మనిషి ఆయన. గంటలకొద్దీ ప్లేట్లు పెట్టించుకుని విన్నాక ఉత్త చేతులతో రాకు, చిన్న ఈపీ అయినా కొను.

రేటు పెరుగుతుందని మాత్రం కొనకు. తెచ్చినదాన్ని రెండు వైపులా పూర్తిగా వినందే ఇంకోటి కొనకు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచు. ఫోన్ చేసినప్పుడు ఎంతకి కొన్నావో నాకు చెప్పక్కర్లేదు. పక్కవాద్యం ఎవరిదో చెప్పు, చాలు.

ఆశీస్సులతో,
పెదనాన్న