నా కారు, నా ఇష్టం!

కిందటి వేసవిలో మావాడి దగ్గర మూడు నెలలు ఉండి వద్దామని జర్మనీ వెళ్ళాను. వాళ్ళుండేది స్టుట్‌గార్ట్‌లో. బెంజి కార్లవాళ్ళదీ, పోర్షే కార్లవాళ్ళదీ కూడా ఆ ఊరే. అలాంటి ఊళ్ళో ఉంటూ మావాడు ఏం కారు కొన్నాడనుకున్నారు? 1990లో తయారైన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్! వాడికంటే కారు ఏడాది పెద్దది.

“ఇదేం బుద్ధిరా, కొత్తది కొనుక్కోలేకపోయావా?” అన్నాను.

“ఈ ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు దాటి, అసలు రూపు చెడకుండా ఉన్న కారుని చారిత్రక వాహనం అంటారమ్మా. నంబరు పలకమీద గుర్తుగా ఒక అక్షరం కూడా ఇస్తారు” అన్నాడు. ముప్ఫయ్యేళ్ళకే అంత గౌరవమా! అరవై దాటిన నాకు ఎన్ని అక్షరాలివ్వాలో అనుకున్నాను.

నేను వెళ్ళిన వారానికే ఆ ముసలి కారు మూలిగింది. వెనక కుడివైపు స్ప్రింగు తుప్పు పట్టి చివరి చుట్టు విరిగింది. షాక్ అబ్జార్బర్లలోంచి నూనె కారుతోంది. బాగుచేయిస్తే సరిపోయేదానికి మావాడు ఇంకో ముడి వేశాడు. “ఎలాగూ విప్పుతున్నాం కదా, నాలుగు స్ప్రింగులూ మార్చేసి కారుని నలభై మిల్లీమీటర్లు కిందికి దించేస్తానమ్మా” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మనవైపు టాక్సీలవాళ్ళు అంబాసిడరు కారుకి వెనక ఇంకో కమాను ఎక్కించి ఎత్తు పెంచుకోవడం చిన్నప్పుడు చూశాను. పదిమందిని ఎక్కించుకోవాలి కదా మరి! దించుకునేవాళ్ళని చూడలేదు. మన స్పీడు బ్రేకర్లమీద కారుని దించడమంటే కడుపు కోసుకోవడమే. “ఎందుకురా?” అంటే, “మలుపుల్లో ఒరిగిపోకుండా నిలబడుతుంది. చూడ్డానికీ బావుంటుంది” అన్నాడు. ఆ రెండో కారణమే మొదటిదని కన్నతల్లికి తెలియదూ!

“అయితే ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేయరాదూ?” అన్నాను, కర్టెను పొడుగైతే కింద కత్తిరించే అలవాటు కొద్దీ. మావాడు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. నేను ఇన్నాళ్ళూ స్ప్రింగు ఉన్నది మన నడుం నొప్పెట్టకుండా చూడ్డానికే అనుకున్నాను. అసలు పని వేరేనట. గతుకుల్లో కూడా చక్రాన్ని రోడ్డుకి అంటిపెట్టుకుని ఉంచడం దాని పని. ఆ స్ప్రింగు ఊయలలా ఊగుతూ ఉండిపోకుండా ఆపడం షాక్ అబ్జార్బరు పని. చక్రం నేలని వదిలి ఎగురుతూంటే ఎంత గట్టిగా బ్రేకు తొక్కి ఏం లాభం? ఇక స్ప్రింగుని కోస్తే అది బిరుసెక్కుతుంది, దాని గూట్లో సరిగా కూర్చోదు, చక్రం గుంటలోకి జారినప్పుడు చోటు తప్పుతుంది. అందుకని పొట్టి స్ప్రింగులు ప్రత్యేకంగా కొనాలి, వాటికి తగిన పొట్టి షాక్ అబ్జార్బర్లు కొనాలి, అవీ జతలుగా మార్చాలి. కుడికొకటి ఎడమకొకటి రకం పనికిరాదు.

ఇదంతా అయ్యాక అసలు సంగతి ఉంది. అక్కడ రోడ్డుమీద పోయేవాళ్ళకి ప్రమాదం తేగల మార్పు ఏది చేసినా, ఆ కారుకి ఉన్న అనుమతి రద్దయిపోతుంది. స్ప్రింగులతోపాటు వాటిని ఏ కారుకి, ఏ కొలత టైర్లతో వాడవచ్చో చెప్పే పరీక్షా పత్రం ఒకటి వస్తుంది. ఆ పత్రమూ కారూ తీసుకుని తనిఖీ కేంద్రానికి వెళ్ళాలి. అక్కడి ఇంజనీరు చూసి సరే అంటేనే ఆ మార్పు చట్టబద్ధం.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారుచేసినవాళ్ళు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అయినా మన వీధుల్లో సైలెన్సరు మార్చిన మోటారు సైకిళ్ళ చప్పుడు వినని రోజుందా? మన దగ్గర తలుపు మూసి ఉంటుంది, జనం గోడ దూకుతారు. అక్కడ తలుపు తీసే ఉంటుంది, కాని గుమ్మంలో ఒకాయన టేపు పట్టుకుని నిలబడి ఉంటాడు. అదీ తేడా.

సరే, స్నేహితుడి గరాజులో రెండు శనివారాలు పనిచేశారు. నేను పులిహోర కలిపి పట్టుకెళ్ళి చూస్తూ కూర్చున్నాను. ఒకటి నాకు బాగా నచ్చింది. రబ్బరు బుష్‌లున్న చోట్ల బోల్టులు కారు గాలిలో ఉండగా బిగించకూడదట. కిందికి దిగి, తన బరువు మీద తాను నిలబడ్డాకే బిగించాలట. లేకపోతే ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరిగిపోతుంది. కొత్త కోడలికి మొదటిరోజే ఇంటి కట్టుబాట్లన్నీ బిగించే అత్తగార్లకి ఈ ముక్క చెప్పాలనిపించింది.

తరవాత చక్రాల వాలు, సమాంతరం సరిచేయించాడు. ముందు లైట్లు కూడా సరిచేయించాడు. ఇంకా వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న మీట ఉంది. కారులో ఎంత బరువుందో కనిపెట్టి, దాన్నిబట్టి వెనక బ్రేకులకి ఎంత ఒత్తిడి పంపాలో అది తేలుస్తుంది. కారుని దించేస్తే, ఎవరూ ఎక్కకపోయినా నిండా జనం ఉన్నారనుకుని అది మోసపోతుంది. వెనక బ్రేకులు ఎక్కువ పట్టేసి కారు తోక తిప్పుతుంది. దాన్ని కూడా సరిచేస్తేగాని పని పూర్తికాదు. చూశారా, అందం కోసం ఒక్కచోట చెయ్యిపెడితే ఎన్నిచోట్ల సమాధానం చెప్పుకోవాలో!

తనిఖీ రోజున నేనూ వెంట వెళ్ళాను. ఆ ఇంజనీరు ముందు ఒక చక్రాన్నీ, దానికి ఎదురు మూలన వెనక చక్రాన్నీ దిమ్మలమీదికి ఎక్కించి కారుని మెలిపెట్టినట్టు నిలబెట్టాడు. టార్చిలైటు వేసి వంగి చూశాడు. వెనక టైరు లోపలి రేకుని రాసుకుంటోంది. మావాడు స్ప్రింగుల సరదాతో ఆగకుండా వెడల్పు టైర్లు కూడా వేశాడు. ఆ కొలత పరీక్షా పత్రంలో లేదు. ఆయన కోప్పడలేదు, నవ్వనూ లేదు. తల అడ్డంగా ఊపి కాగితం వెనక్కిచ్చేశాడు.

ఇంటికొస్తూ దారిపొడుగునా మావాడు రుసరుసలే. “నా కారు, నా డబ్బు, నా ఇష్టం! వాడెవడమ్మా మధ్యలో?” అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఆ మాటలు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో ఏమిటి, నా నోటినుంచే వచ్చాయి.

ఇరవయ్యేళ్ళ కిందట మేం మా మేడమీద మరో గది వేసుకున్నాం. ప్లానులో లేదు. కింది స్తంభాలు ఆ బరువు మోస్తాయో లేదో అడగమని పక్కింటి మాస్టారు రెండుసార్లు చెప్పారు. “మా ఇల్లు, మా డబ్బు, మా ఇష్టం. ఆయనకెందుకూ?” అని మావారితో అన్నది నేనే. దానిమీద నీళ్ళ ట్యాంకు కూడా ఎక్కించాం. కొన్నాళ్ళకి అపరాధ రుసుం కడితే క్రమబద్ధం చేస్తామన్నారు, కట్టేశాం. కాగితం వచ్చింది. ఆ కాగితం ఇచ్చేముందు ఎవరూ మేడెక్కి చూడలేదు. చూడమని మేమూ అడగలేదు. కింది వాటాలో అద్దెకున్నవాళ్ళకి ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళు ఆ గది కిందే పడుకుంటారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక వస్తువు నాదంటే ఎంతవరకు నాది?

పరీక్ష అనే మాట వింటేనే మనకి ఒళ్ళు మండుతుంది. మండదూ మరి! సీతమ్మ తల్లి దగ్గర్నుంచి పరీక్షలన్నీ మనకే కదా. పెళ్ళిచూపుల్లో నడిచి చూపించమన్నారు, పాడమన్నారు, జడ సొంతమా అని అడిగారు. అత్తవారింట్లో చారులో ఉప్పు దగ్గర్నుంచి అన్నీ పరీక్షలే. అందుకే ఎవరైనా కొలుస్తామంటే అది అనుమానమే, అవమానమే అనిపిస్తుంది.

కాని ఆలోచించగా తేడా తెలిసింది. పెళ్ళిచూపుల్లో చూసేవాళ్ళు తమకి పనికొస్తామా లేదా అని మనల్ని చూశారు. ఈ ఇంజనీరు మావాడి మంచితనాన్ని చూడలేదు, కారు విలువనీ చూడలేదు. ఆయన చూసింది ఒక్కటే, ఈ కారు వల్ల ఎదురొచ్చేవాళ్ళకి ఏమవుతుందని. ఎదురొచ్చేవాడికి మావాడెవరో తెలియదు. “బాబూ, నీ స్ప్రింగులు సరిగా ఉన్నాయా?” అని ప్రతి కారూ ఆపి అడగలేడు. అలా అడగలేనివాడి తరఫున అడిగేవాడు ఆ టేపు పట్టుకున్నాయన. మా కింది వాటా పిల్లలు కూడా అంతే. నిద్రపోయేముందు వాళ్ళు నన్నేమని అడుగుతారు?

ఈ తనిఖీల పుట్టుక కథ మావాడే చెప్పాడు. 1865లో మాన్‌హైమ్ అనే ఊళ్ళో ఒక బీరు కార్ఖానాలో ఆవిరి బాయిలరు పేలిపోయింది. మరుసటేడు అక్కడి బాయిలర్ల యజమానులే ఒక సంఘంగా చేరి, తమ బాయిలర్లని తామే ఇంజనీర్లచేత పరీక్ష చేయించుకోవడం మొదలుపెట్టారు. మనం కుక్కరు గాస్కెట్టూ, సేఫ్టీ వాల్వూ చూసుకున్నట్టన్న మాట. అలాంటి సంఘాలే పెరిగి పెరిగి ఇప్పుడు ‘ట్యూఫ్’ అనే పేరుతో కార్లనీ తనిఖీ చేస్తున్నాయి. 1951 నుంచి కార్లకి ఆ తనిఖీ తప్పనిసరైంది. మొదట ఎవరో బలవంతపెట్టిన పని కాదది. “మా వస్తువు మాదే, కాని అది పేలితే ముక్కలు మా గోడ దగ్గర ఆగవు” అని యజమానులకి తట్టింది. ఆ తట్టడానికి ముందొక బాయిలరు పేలవలసి వచ్చిందనుకోండి.

తెల్లారి ఈ మాటలన్నీ మావాడికి చెప్పాలని లేచాను. వాడు అప్పటికే వెడల్పు టైర్లు విప్పేసి పాత సన్న టైర్లు బిగిస్తున్నాడు. “పోనీలే అమ్మా, ఆయన చెప్పింది నిజమే. మనం నలుగురం ఎక్కితే ఇంకా రాసుకునేది” అన్నాడు. కోడల్నీ నన్నూ వెనక సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, గతుకుల్లో నడిపి చూశాడు. ఎక్కడా రాసుకోలేదు. నా బరువు ఒకరికి పనికి రావడం అదే మొదటిసారి!

రెండోసారి ఆ ఇంజనీరే చూశాడు. మళ్ళీ అదే దిమ్మలు, అదే టార్చిలైటు. ఈసారి కాగితం మీద సంతకం పెట్టి, మావాడితో చెయ్యి కలిపాడు. కారుకేసి చూసి ఏదో అన్నాడు. “ఏమన్నాడ్రా?” అంటే, “అందంగా ఉంది అన్నాడమ్మా” అని మావాడు సిగ్గుపడ్డాడు. అందం చూడడం తెలియని మనిషి కాదన్న మాట ఆయన! దాన్ని ఎప్పుడు చూడాలో తెలిసిన మనిషి.

తిరిగొచ్చిన మర్నాడే మావారితో అన్నాను, “మేడమీద గది సంగతి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపిద్దామండీ” అని.

“ఎందుకూ? క్రమబద్ధం అయిందిగా! కాగితం బీరువాలోనే ఉంది” అన్నారాయన పేపరు దించకుండానే.

“కాగితం బీరువాలో ఉంది. బరువు స్తంభాలమీద ఉంది” అన్నాను.

పేపరు కిందికి దిగింది. ఆయన నాకేసి కాసేపు చూసి, “వద్దంటే? గది తీసేయమంటే?” అన్నారు.

ఆ గదిలో మా అమ్మాయి పురిటికొచ్చి మూడు నెలలుంది. కిటికీలోంచి వేపచెట్టు చేతికందుతుంది. ఇంట్లో నాకు ఇష్టమైన చోటు అదొక్కటే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

వచ్చే సోమవారం ఇంజనీరు వస్తానన్నాడు. ఆలోపల ట్యాంకు సగమే నింపమని మావారు పనబ్బాయికి చెప్పడం విన్నాను. నేను చెప్పలేదు సుమండీ.